బోల్టు లేని రైఫిలు

మార్కాపురంలో లాల్ అహ్మద్ దుకాణం బోర్డు మీద తుపాకీ బొమ్మ ఇంకా చెరిగిపోలేదు గానీ, దాని కిందికి జనం తెచ్చేవి మాత్రం పురుగుమందు కొట్టే పంపులు, తాళాలు, కుట్టు మిషన్లు, కిరసనాయిలు స్టవ్వులు. బందూకుల రిపేరుకు లైసెన్సు ఉన్నవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఉండి ఏం లాభం? ఎలక్షన్లు వచ్చినప్పుడు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి కాబట్టి దానికి ముందు నలుగురు, తిరిగి తెచ్చుకున్నాక నలుగురు నూనె పట్టించుకోవడానికి వస్తారు. మిగతా కాలమంతా ఆయన స్టవ్వులకు పిన్ను కొడుతూ, రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ కూర్చుంటాడు. బస్సుల్లో వాళ్ళెవరూ ఆయన్ని చూడరు.

అందుకే ఆ గురువారం మధ్యాహ్నం ఒక మనిషి గొంగడిలో చుట్టిన పొడుగాటి వస్తువును భుజాన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, "రైఫిలు బాగు చేస్తావా మామా?" అని అడిగినప్పుడు లాల్ అహ్మద్ ముందున్న స్టవ్వును కాలితో బల్ల కిందికి తోసేశాడు.

"కూచో అల్లుడా. ముందు కాగితాలు చూపియ్యి."

కాగితాలు సరిగానే ఉన్నాయి. వచ్చినవాడి పేరు కాటమరాజు. నలభై దాటి ఉంటాయి. ఊరు కొమరోలు అవతల, అడవి అంచున. లైసెన్సు తండ్రి గురుస్వామి పేరు మీద ఉంది. ఆయన మొన్న ఎండాకాలంలో పోయాడు. కొడుకు పేరుకు మార్చమని అర్జీ పెట్టుకుంటే, తనిఖీ చేసినాయన రైఫిలును అటూ ఇటూ తిప్పి చూసి, వెనక బోల్టు ఉండాల్సిన బొక్కలో వేలు దూర్చి, ఇది తుపాకీ కాదు ఇనప గొట్టం అన్నాడట. పూర్తిగా చేయించి తెస్తే పేరు మారుస్తాం, లేకపోతే సరెండర్ చెయ్యాల్సిందేనన్నాడట. వచ్చే నెల మొదటి శుక్రవారం దాకా గడువిచ్చాడు.

"బోల్టు యాడబోయింది?" అని అడిగాడు లాల్ అహ్మద్.

"మా నాయన దాచినాడు మామా. అన్నలు తిరిగే కాలంలో. నేనప్పుడు ఇంతుంటి. మా అడవి పక్క ఊర్లల్లో తుపాకీ ఉన్నోళ్ళందరూ అట్లనే చేసినారంట గదా. తుపాకీ ఇంట్లో, బోల్టు ఇంకోచోట. ఎవరన్నా ఎత్తకపోయినా వాళ్ళకు పనికి రాగూడదని."

"చేసినారు. ఎట్ల ఊడదీయాల్నో ఇక్కడికొచ్చి నేర్చుకోని పోయినోళ్ళు ఉన్నారు. జొన్న పాతర్లో పూడ్చినోళ్ళు, బాయిలో జారవిడిచినోళ్ళు. మీ నాయన యాడ పెట్టినాడు?"

"మా అమ్మక్కూడా చెప్పలా. అడుగుదాం అడుగుదాం అనుకునేసరికి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. అడిగితే చేత్తో చూపిస్తాడు. ఒకసారి అటు, ఒకసారి ఇటు, ఒకసారి పైకి. చేనంతా తవ్వినా, ఇంటి దూలాలు కూడా ఎతికినా." కాటమరాజు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

గొంగడి విప్పేసరికి లాల్ అహ్మద్ చేతులు కాసేపు ఊరికే ఉండిపోయాయి. గొట్టం మీద నూనె, దుమ్ము కలిసి పెంకు కట్టాయి. వెనక కంటికి ఆనించి గురి చూసే చిన్న రేకు లేదు. చెక్కను ఇనుముతో కలిపే రెండు స్క్రూల్లో ఒకదాని చోట ఎవరో మేకు కొట్టారు. ఆ మేకును చూసి ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదెవరు కొట్టినారు? చేతులిరగ."

"మా నాయనే మామా."

"సరే, పోయినోణ్ణి ఏమనగూడదు," అంటూ పళ్ళు తోముకునే పాత బ్రష్షును కిరసనాయిల్లో ముంచాడు.

గొట్టాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, బ్రష్షుతో గుండ్రంగా తిప్పుతూ, నల్లటి పెంకును మెత్తబరుస్తూ, పాత పంచె గుడ్డతో తుడుస్తూ పోయాడు. గొట్టం మొదట్లో, చెక్కలో దాగి ఉండే చోట, ఏవో గుర్తులు చేతికి తగిలాయి. కంటికి మాత్రం ఆనలేదు. పలకల ఊరు మార్కాపురంలో బలపానికి కరువా? సొరుగులోంచి ఒక ముక్క తీసి, రాతిమీద అరగదీసి, ఆ పొడిని గుర్తుల మీద రుద్ది పైపైన తుడిచాడు. గుంటల్లో మిగిలిన పొడి తెల్లగా తేలింది. ముందు ఒక కిరీటం, దాని కింద అంకెలు, ఆ పక్కన ఒకదాని మీద ఒకటి అడ్డంగా వాల్చిన రెండు ఈటెలు. ఈటెల సందులో సన్నటి అక్షరం, ఇంగ్లీషు కే.

"ఇంగ్లండులో గొట్టాన్ని పరీక్ష చేసి కొట్టే ముద్రలివి. ఈ అక్షరం ఉంది చూడు, అది ఏ సంవత్సరంలో పరీక్ష చేసినారో చెప్తాది. ఏ అక్షరానికి ఏ సంవత్సరమో నాకిప్పుడు గుర్తులేదు. మా అన్న కొడుకు ఆరిఫ్ హైదరాబాదులో తుపాకుల దుకాణంలో పని చేస్తాడు, అడుగుదాం," అని ఫోన్లో ఫోటో తీసి పంపాడు.

కాటమరాజు బల్ల మీద ముందుకు జరిగాడు. "మామా, అది స్వతంత్రం రాకముందుదేనా?"

"ఎందుకు?"

"మా జేజినాయన, మా నాయనను కన్నాయన, ఒక తెల్లదొరకు అడవిలో దారి చూపించేటోడంట. దొర దేశం ఇడిచి పోతా పోతా లైసెన్సు రాయించి ఈ తుపాకీ ఇచ్చిపోయినాడంట. మా నాయన ఎప్పుడూ ఇదే చెప్పేటోడు. మా పెదనాయన కొడుకు ఆంజనేయులు ఉన్నాడు, వాడు రచ్చబండ కాడ పదిమందిలో అంటాడు, దొరా లేదు గిరా లేదు, గొర్రెలమ్మి నంద్యాల్లో కొన్నాడు, కొత్త తుపాకీకి పాత కత అల్లినాడు అని. మా నాయన నోరు పడిపోయినాక కూడా మంచం కాడికొచ్చి అన్నాడు. ఆయన వింటానే ఉన్నాడు మామా. బదులు చెప్పలేడు గదా."

లాల్ అహ్మద్ బ్రష్షు పక్కన పెట్టి లేచాడు. టీ పెట్టడానికి లోపలికి పోయాడు. భార్య రహీమున్నీసా పోయినప్పటి నుంచి ఆయన ఒక్క గ్లాసే కడిగి, ఒక్క గ్లాసే బోర్లిస్తున్నాడు. రెండోది అల్మారాలో పైఅరలో ఉంది. దాన్ని దింపి, రెండుసార్లు కడిగి, టీ పోసి తెచ్చాడు. సగం తాగేసరికి ఫోన్ మోగింది. ఆరిఫ్ జాబు పంపాడు. ఆ అక్షరం ముప్ఫయ్యో సంవత్సరానిదట. పందొమ్మిది వందల ముప్ఫై.

కాటమరాజు గ్లాసు కింద పెట్టేసి లేచి మెట్లు దిగి రోడ్డు మీదికి పోయాడు. అక్కడ కాసేపు ఎటూ చూడకుండా నిలబడి, మళ్ళీ వచ్చి తన చోట కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా నాయన అబద్ధం చెప్పలా," అన్నాడు.

"కొత్త తుపాకీ అయితే కాదు. ఆ మాట నేను ఎవరి ముందైనా చెప్తా," అన్నాడు లాల్ అహ్మద్. ఆ మాట అన్నాక చానా రోజులకు తన గొంతు తనకే బాగా వినిపించినట్టనిపించింది ఆయనకు.

ఆ రైఫిలు దుకాణంలోనే ఉండిపోయింది. లాల్ అహ్మద్ మిగతా పనులన్నీ మూలకు నెట్టాడు. మేకు పీకేసి, ఆ బొక్కకు సరిపోయే స్క్రూను తనే మర కోసి తయారు చేశాడు. గురి చూసే రేకును పాత గడియారం స్ప్రింగులోంచి కత్తిరించి, వంచి, నిప్పుల్లో కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాడు. చెక్కకు అవిసె నూనె పట్టించి అరచేత్తో రుద్దాడు. ఇవన్నీ చేతిలో పనులు. బోల్టు అలా కాదు. తుపాకీకి వెనక తలుపు లాంటిది అది. తూటాను లోపలికి తోసి, మూసి, గడియపడి, పేలినప్పుడు ఆ దెబ్బనంతా కాచుకోవాలి. దాన్ని ఇంట్లో కూర్చుని చేసుకునేవాడు పిచ్చివాడు. కొత్తవి రావు, పాతవి విడిగా ఎవరూ అమ్మరు. అదే జాతి తుపాకీ ఇంకొకటి ఎక్కడో చస్తే తప్ప దొరకదు.

అందుకని ఆయన ఫోన్ పట్టుకున్నాడు. కర్నూలులో ఒకాయన ఉంటే ఆయన కొడుకు ఎత్తి, నాయన పోయి నాలుగేళ్ళయిందన్నాడు. బళ్ళారిలో ఇంకొకాయనకు చెవులు వినపడటం లేదు. అహ్మద్ అంటే మహమ్మద్ అనుకుని వేరే ఎవరి యోగక్షేమాలో అడిగాడు, ఆయన్ను నొప్పించడం ఇష్టం లేక లాల్ అహ్మద్ ఆ మహమ్మదే అయి బాగున్నానని చెప్పాడు. నెల్లూరు నంబరు అసలు లేదు. చివరికి మళ్ళీ ఆరిఫ్ మీదే పడ్డాడు. పనికిరాని తుపాకులు ఎవరి దగ్గరున్నా విచారించి చూడరా నాయనా అని బతిమాలుకున్నాడు.

ఈలోగా కాటమరాజు ప్రతి గురువారం వచ్చేవాడు. కొమరోలు నుంచి గిద్దలూరు, గిద్దలూరులో బస్సు మారి కంభం మీదుగా మార్కాపురం. ఎంత దూరం! ఫోన్లో అడిగితే సరిపోయే మాటకు మనిషి ఇంత ప్రయాణం చేసి రావడం లాల్ అహ్మద్‌కు అర్థం కాలేదు. రైఫిలు మీద అంత ప్రేమ అనుకున్నాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి పచ్చి సెనక్కాయలు, ఒకసారి దోసకాయలు. వచ్చి కూర్చుని తండ్రి గురించి చెప్పేవాడు. పందులు చేలో పడితే ఆయన తుపాకీ లేకుండానే నోటితో పేలుడు చప్పుడు చేసి తరిమేవాడని, పెళ్ళిళ్ళలో పిల్లలు ఆ చప్పుడు చెయ్యమని వెంటపడేవాళ్ళని, చివరి రెండేళ్ళూ గొంతులోంచి గురగుర తప్ప ఇంకేమీ రాలేదని. లాల్ అహ్మద్ పని చేస్తూ వినేవాడు. నడుమ నడుమ తను కూడా ఏదో ఒకటి చెప్పేవాడు. రహీమున్నీసాకు తుపాకీ అంటే భయమని, రిపేరుకొచ్చినవాటి మీద దుప్పటి కప్పి గానీ ఇల్లు ఊడ్చేది కాదని ఒకరోజు చెప్పాడు. చెప్పాక, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని గుర్తొచ్చింది.

బుధవారం సాయంత్రానికే గురువారం వంట గురించి ఆలోచించడం మొదలుపెట్టాడాయన. ఈ వయసులో ఇదేం రోగమో! రెండో గ్లాసు ఇక అల్మారాలోకి పోలేదు.

గడువు శుక్రవారం. ఆ వారం సోమవారం పొద్దున్నే ఆరిఫ్ రైలు దిగి నేరుగా దుకాణానికి వచ్చాడు. చేతి సంచిలోంచి గుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టాడు.

"చిచ్చా, నీ అదృష్టం. ఒక జమీందారు గారింట్లో గొట్టం పగిలిన రైఫిలు ఉంది, ఇదే జాతి. మా సేటు దాన్ని ముక్కల కింద తీసుకున్నాడు. బోల్టుకు మాత్రం దెబ్బ తగల్లేదు. ఇదిగో సేటు ఇచ్చిన కాగితం, నీ లైసెన్సు మీద రాసినాడు. నేను ఇప్పుడే పోవాల, ఒంగోల్లో పనుంది," అని నీళ్ళు తాగి, ఉన్నంతసేపూ ఫోన్లో మాట్లాడుతూనే ఉండి, వెళ్ళిపోయాడు.

లాల్ అహ్మద్ తలుపు సగం చేరవేశాడు. బోల్టు ముందు భాగంలో రెండు చెవులుంటాయి. తిప్పినప్పుడు అవి గొట్టం లోపలి గాడిలో కూర్చుని గడియపడతాయి. రెండు చెవులూ సమానంగా ఆనకపోతే ఒకదాని మీదే భారం పడి ఏదో ఒకరోజు మనిషి మొహం పగులుతుంది. ఆయన దీపం వెలిగించి, పొగ మీద పట్టి ఆ చెవులకు నల్లగా మసి పట్టించాడు. రైఫిల్లో దూర్చి, పిడి కిందికి తిప్పి, మళ్ళీ బయటికి తీశాడు. ఒక చెవి మసి చెరిగింది, రెండోదాని మసి అలాగే ఉంది. సన్నరాయిని నూనెలో తడిపి, చెరిగిన చోట రెండు రుద్దులు రుద్ది, తుడిచి, మళ్ళీ మసి పట్టి, మళ్ళీ దూర్చి చూశాడు. తొందరపడితే అయిపోయింది, అరిగిన ఇనుమును తిరిగి అతికించలేం. పొద్దు పైకెక్కింది. అన్నం తినాలన్న ఆలోచనే రాలేదు.

ఒకసారి బయటికి తీస్తే రెండు చెవుల మీదా మసి ఒకేలా చెరిగి ఉంది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, నూనె చుక్క వేసి, ఖాళీ రైఫిల్లోకి తోసి పిడి తిప్పాడు. 'టక్'మని గడియపడింది. పొడిగా, చిన్నగా, ఇంకేమీ మిగలనంత పూర్తిగా. తీసి మళ్ళీ మూశాడు. మళ్ళీ. చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ ఎన్నిసార్లు మూశాడో.

అయిపోయింది అనుకున్నాడు. కాటమరాజుకు ఫోన్ చెయ్యాలి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వాడు వస్తాడు, మురిసిపోతాడు, కాళ్ళకు దండం పెట్టినా పెడతాడు, రైఫిలు గొంగడిలో చుట్టుకుని బస్సెక్కుతాడు. ఇంకెందుకొస్తాడు? పోయిన తాళం చెవి దొరికినవాడు తాళాలవాడి దగ్గరికి మళ్ళీ పోతాడా? బల్ల అటువైపు కాటమరాజు కూర్చునే చోటును చూశాడు. ఫోన్ కింద పెట్టాడు. మధ్యాహ్నం చేస్తాలే, తొందరేముంది అని తనకు తనే చెప్పుకున్నాడు.

చెయ్యాల్సిన అవసరమే రాలేదు. మధ్యాహ్నం బస్సుకు కాటమరాజే దిగాడు. రేకు డబ్బా నిండా జొన్నరొట్టెలు, గోంగూర.

"గురువారం దాకా ఆగలేకపోయినా మామా. శుక్రవారం దగ్గర పడె గదా. దొరికిందా?"

బోల్టు అప్పటికి సొరుగులో ఉంది. మెట్ల మీద కాటమరాజు చెప్పుల చప్పుడు వినగానే చెయ్యి దానంతట అదే బోల్టును తీసి సొరుగులో పెట్టింది. నోరు కూడా దానంతట అదే పలికింది.

"ఇంకా లేదు అల్లుడా."

 వెంటనే దిద్దుకోవచ్చు. తమాషాకన్నానని నవ్వెయ్యొచ్చు. కానీ కాటమరాజు అప్పటికే డబ్బా మూత తీసి, "పోనీలే, తిందాం రా. మా ఇంటిది రజిని నీకోసం కారం తగ్గించి చేసింది," అంటున్నాడు. ఇద్దరూ తిన్నారు. తిన్నాక కాటమరాజు బల్ల మీదే కాసేపు నడుం వాల్చాడు. నిద్రలో ఉన్న మనిషి ఊపిరి ఆ దుకాణంలో వినిపించి ఎన్నాళ్ళయిందో. లాల్ అహ్మద్ ఈగలు వాలకుండా టవలు విసురుతూ కూర్చుని, రైఫిలు కోసం బుధవారం మళ్ళీ వస్తానన్నాడు కదా, అప్పుడు చెప్తాను, ఇంకా టైముంది, కొంపేం మునగదు అని లెక్క వేసుకున్నాడు.

బుధవారం కాటమరాజు వచ్చేసరికి ఆయన మాట సిద్ధం చేసుకునే ఉన్నాడు. నిన్న రాత్రి బండికి వచ్చిందని చెప్దామనుకున్నాడు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా.

"నిజం చెప్పు మామా, దొరుకుతాదా?" అని అడిగాడు కాటమరాజు. కూర్చోలేదు. గొంగడి తెచ్చుకున్నాడు. "ఎల్లుండి రైఫిలు చూపించాల. లేకపోతే పోయినట్టే."

నిలబడే ఉన్నాడు. బస్సుకు తొందరలో ఉన్నాడు. ఇప్పుడు బోల్టు తీసి బల్ల మీద పెడితే, తీసుకుని నిలబడినవాడు నిలబడినట్టే పోతాడు. లాల్ అహ్మద్‌కు అదొక్కటే కనిపించింది.

"దొరుకుతాది. ఎందుకు దొరకదు? ఒక వారం గడువు పెంచమని అడుగు. ఆఫీసోళ్ళ గడువులు మనకు తెలియనివా? ఏ పని అన్న రోజుకు అయింది చెప్పు? ఇయ్యాల కాకపోతే వచ్చే వారం."

ఆయన అబద్ధం చెప్పాననుకోలేదు. ఎలక్షన్లకు పెట్టిన తుపాకులు తిరిగివ్వమంటే నెలలు తిప్పే ఆఫీసులు, కరెంటు మీటరు కోసం కాళ్ళరిగేలా తిప్పే ఆఫీసులు, ఈ ఒక్క శుక్రవారం మీద మాత్రం గట్టిగా నిలబడతాయని ఎవరనుకుంటారు? వారం ఇస్తారు. వారంలో ఇంకో రెండుసార్లు వస్తాడు. అప్పుడు ఇస్తే ఎవరికీ నష్టం లేదు.

"నువ్వంటే సరే," అని కాటమరాజు రైఫిలును గొంగడిలో చుట్టుకున్నాడు. కొత్త స్క్రూను, కొత్త రేకును వేలితో తడిమి చూసుకున్నాడు. "ఎంత బాగా చేసినావు మామా. మా నాయన చూడాల్సింది." మెట్లు దిగి బస్టాండు వైపు నడిచాడు.

లాల్ అహ్మద్ సొరుగు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. బస్టాండు ఎంతో దూరం లేదు. బస్సు బయల్దేరడానికి టైముంది. లేచి రెండడుగులు వేశాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

గురువారం ఎవరూ రాలేదు. శుక్రవారం జుమ్మా నమాజు చదివి వచ్చి, ఫోన్ పక్కనే పెట్టుకుని ఒక పంపుకు వాషరు మార్చాడు. అది తలకిందులుగా వేశాడని రైతు తిట్టిపోయాడు. ఫోన్ మోగలేదు. వారం గడువు దొరికి ఉంటుంది, లేకపోతే చేసేవాడు కదా అనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఫోన్లో చార్జింగు ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం బస్సుకు కాటమరాజు వచ్చాడు. భుజం మీద గొంగడి లేదు. చేతిలో సీతాఫలాల సంచి ఉంది. తన చోట కూర్చుని, సంచి బల్ల మీద పెట్టి, మొహం తుడుచుకున్నాడు.

"ఇచ్చేసినా మామా."

"ఎవరికి?"

"సరెండర్ చేసినా. వాళ్ళ తప్పేం లేదులే, ఆ తనిఖీ సారు మర్యాదగానే మాట్లాడినాడు. వారం ఇయ్యి సార్ అంటే, ఇస్తాను, బోల్టు ఫలానా చోట ఉంది, వస్తాది అని చెప్పు చాలు, రాసుకుంటా అన్నాడు. నేనేం చెప్పాల? యాడుందో, యా దేశంలో ఉందో. ఎతుకుతా ఉన్నారు సార్ అన్నా. ఎతికేదానికి గడువు ఇయ్యలేనన్నాడు. సంతకం పెట్టమన్నాడు, పెట్టినా."

లాల్ అహ్మద్ చూపు సొరుగు మీదికి పోయింది. "దాన్నేం జేస్తారు?" అన్నాడు.

"కోసి కరిగిస్తారంట. బయటికొచ్చి గోడ కాడ నిలబడి ఏడ్చినా మామా. ఊర్లోకి ఎట్లబోవాల్నా అనుకున్నా. ఆంజనేయులు ఊరుకుంటాడా? దొర తుపాకీని సర్కారోళ్ళు ఇనుము కింద ఏసుకున్నారంట గదా అన్నాడు రాత్రి." కాటమరాజు ఒక సీతాఫలం తీసి మెత్తగా ఉందో లేదో నొక్కి చూసి, లాల్ అహ్మద్ ముందు పెట్టాడు. "నువ్వు ఇంక ఎవరికీ ఫోన్లు చెయ్యబాక. శానా కష్టపడినావు నాకోసం. ఆ మాట చెప్పి పోదామని వచ్చినా."

"మరి ఇంక... ఇటు రావు గదా?"

"ఎందుకు రాను?" కాటమరాజు విచిత్రంగా చూశాడు. "బోల్టు సంగతి కనుక్కునేదానికైతే ఫోన్ లేదా మామా? రెండు బస్సులు మారి రావాల్నా? మా ఊర్లో మా నాయన పేరెత్తితే నవ్వుతారు. ఇంట్లో ఎత్తితే, ఇంకెన్నాళ్ళు ఏడుస్తావని రజిని లేచిపోతాది. నీ కాడ కూచుంటే ఆయన గురించి మాట్లాడొచ్చు. అందుకే వస్తన్నా. నీకు తెలియదా ఏంది?"

తెలియదు. లాల్ అహ్మద్‌కు ఇప్పుడే తెలిసింది. ఊరుకుంటే సరిపోతుంది. సీతాఫలం వొలుచుకుని తిని, టీ పెట్టి, వచ్చే గురువారం ఏం వండాలో మాట్లాడుకుంటే సరిపోతుంది. మనిషి వస్తానంటున్నాడు, వస్తాడు. ఈ బల్ల అటువైపు కూర్చుని, నువ్వు నాకోసం శానా కష్టపడినావు మామా అని వచ్చినప్పుడల్లా అంటాడు. అది వింటూ తను టీ తాగాలి.

సొరుగు లాగాడు. గుడ్డ విప్పి బోల్టును సీతాఫలం పక్కన పెట్టాడు.

కాటమరాజుకు అదేమిటో వెంటనే తెలియలేదు. పిడి చూశాక తెలిసింది. వంగి చూశాడు గానీ ముట్టుకోలేదు.

"ఇయ్యాల వచ్చిందా?"

"సోమవారం."

"నేను రొట్టెలు తెచ్చిన సోమవారమా?"

"ఆ పొద్దున."

బయట ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. 

"సరిపోలేదా మరి?" అని అడిగాడు కాటమరాజు. సరిపోలేదంటే బాగుండునన్న ఆశ ఆ గొంతులో ఉంది. లాల్ అహ్మద్‌కు అది భరించరానిదైంది.

"సరిపోయింది. నువ్వొచ్చేసరికే సరిపోయింది. దొరికిందంటే నువ్వు మళ్ళీ రావనుకున్నా అల్లుడా. ఈ దుకాణంలో ఒక్కణ్ణే..." విప్పిన గుడ్డను మడిచాడు. "బుధవారం చెప్దామనుకున్నా. వారం ఇస్తారులే అనుకున్నా."

కాటమరాజు తిట్టలేదు. తిడతాడని, బల్ల తన్నేస్తాడని లాల్ అహ్మద్ ఎదురుచూశాడు. బోల్టు వైపు చూసి, "ఇదెట్ల పడతాదో చూపియ్యి మామా," అన్నాడు.

"రైఫిలు లేదు గదా."

"లేకపోయినా చూపియ్యి. నాకు బుద్ధి తెలిసినాక దాంట్లో బోల్టు నేను చూడలా."

లాల్ అహ్మద్ ఎడమచేతి పిడికిలిని వదులుగా పట్టి గొట్టంలా నిలబెట్టాడు. కుడిచేత్తో బోల్టు పట్టుకుని ఆ పిడికిట్లోకి మెల్లగా తోశాడు. ముందుకు తోసి, పిడిని కిందికి తిప్పాడు. బోల్టు వేళ్ళకు అడ్డం పడింది. తీసి మళ్ళీ తోశాడు.

"చప్పుడు వస్తాదా?"

"వస్తాది."

"నువ్వు విన్నావా?"

"విన్నా."

"మా నాయన చేత్తో అట్లనే తిప్పి చూపిచ్చేటోడు మామా, ఆఖర్లో," అన్నాడు కాటమరాజు. "యాడ పెట్టినాడో చెప్తన్నాడని నేను తవ్వుకుంటా పోయినా. బోల్టు పడే చప్పుడు చెప్పాలనుకున్నాడేమో." లేచి నిలబడ్డాడు. సీతాఫలాలు బల్ల మీద కుమ్మరించి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "సీతాఫలాలు మాగినాయి. రేపటికి ఉండవు, తిను."

బస్సుకు ఇంకా గంట పైన ఉంది. ఇద్దరికీ తెలుసు. కాటమరాజు మెట్లు దిగి చెప్పులు తొడుక్కుంటుంటే లాల్ అహ్మద్ గుమ్మం దాకా వచ్చాడు. బోల్టు ఇంకా చేతిలోనే ఉంది.

"గురువారం వస్తావా అల్లుడా?"

కాటమరాజు వెనక్కి తిరిగాడు. మొహంలో కోపం లేదు.

"చూద్దాంలే మామా," అన్నాడు.

బాగుపడని స్టవ్వులు తెచ్చినవాళ్ళను పంపించేటప్పుడు లాల్ అహ్మద్ ఇన్నేళ్ళూ ఆ మాటే అంటూ వచ్చాడు.